చెడ్డ వార్త ఎంత త్వరగా చేరుతుంది: ఎజైల్ బృందాలు, నాయకత్వ నాణ్యత

సభాధ్యక్షులకు, నిర్వాహకులకు, ఈ సభకు వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఎజైల్ బృందాలలో నాయకత్వం గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడే, అసలు ఈ రెండూ ఒకచోట ఇమడవన్న అభ్యంతరం ఎవరో ఒకరు లేవనెత్తుతారని అనుకున్నాను. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలలో తయారుచేస్తూ పోయే ఎజైల్ పద్ధతిలో బృందమే తన పనిని పంచుకుంటుంది, ఎంత పని ఎత్తుకోవాలో తానే నిర్ణయించుకుంటుంది, ఎలా చేయాలో తానే తేల్చుకుంటుంది. అలాంటప్పుడు పైన ఉన్న నాయకుడు సమర్థుడైతేనేం, కాకపోతేనేం అన్నది ఆ అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. కానీ ఆచరణలో కనిపించేది ఇందుకు భిన్నంగా ఉంటుంది. ఒకే సంస్థలో, ఒకే రకమైన పని మీద, ఒకే నియమాలు పాటిస్తూ నడిచే రెండు బృందాలలో ఒకటి నానాటికీ మెరుగుపడుతూ పోతుంటే, రెండోది అవే సమావేశాలు జరుపుకుంటూ, అవే పేర్లతో అవే పట్టికలు నింపుకుంటూ ఉన్నచోటనే ఉండిపోవడం ఈ రంగంలో పనిచేసేవారందరూ చూసినదే. ఆ తేడాకు కారణాలు వెతుక్కుంటూ వెళితే ఎక్కువసార్లు నాయకత్వం దగ్గరే ఆగవలసి వస్తుంది.

నా వాదన ఏమిటో ముందే చెబుతాను. చుట్టూ పెరిగిన పరిభాషనంతా పక్కన పెడితే, ఎజైల్ అన్నది పని గురించిన నిజాన్ని తొందరగా తెలుసుకుని, తొందరగా దిద్దుకోవడానికి చేసుకున్న ఏర్పాటు. నిజం చెప్పిన మనిషికి ఆ తర్వాత ఏమవుతుందన్నది నాయకుల నడవడి మీద ఆధారపడుతుంది. అందువల్ల ఒక నాయకుడి నాణ్యత తెలుసుకోవాలంటే, చెడ్డ వార్త పుట్టినచోటి నుంచి ఆయన దాకా చేరడానికి ఎంత కాలం పడుతోందో, చేరిన తర్వాత ఏం జరుగుతోందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇది ఊహించి చెప్పవలసిన సంగతి కూడా కాదు. ఆలస్యమైన ఏ సాఫ్ట్‌వేర్ రిలీజ్‌నైనా తీసుకుని, అది ఆలస్యమవుతుందని బృందంలో మొదట అనుమానం వచ్చిన తేదీనీ, పై అధికారుల నివేదికలో అది మొదటిసారి కనిపించిన తేదీనీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఆ రెండింటి మధ్య ఉన్న రోజులన్నీ నాయకత్వ ఖాతాలో రాయదగినవే.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని ఉటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి 4 విలువలతో ఎజైల్ మేనిఫెస్టోను రాసుకున్నారని, దానికి తోడుగా 12 సూత్రాలు ఉన్నాయని మీకు తెలుసు. ఆ సూత్రాలలో ఒకటి, ఉత్సాహం ఉన్న వ్యక్తుల చుట్టూ పనిని నిర్మించాలని, వారికి కావలసిన వాతావరణాన్నీ సహకారాన్నీ సమకూర్చాలని, పని పూర్తిచేస్తారని వారిని నమ్మాలని చెబుతుంది. అందులో నాయకుడనే మాట లేదు. కానీ సమకూర్చవలసింది ఎవరు, నమ్మవలసింది ఎవరు? బృందం తనకు తాను వాతావరణం సమకూర్చుకోలేదు కదా. బృందం బయట, దాని కంటే ఎక్కువ అధికారంతో ఉన్న ఒకరిని ఉద్దేశించి రాసిన వాక్యం అది. అంతకు ముందే, 1986లో, జపాన్‌కు చెందిన హిరోటాకా టకేయుచి, ఇకుజిరో నొనాకా అనే ఇద్దరు పండితులు కొత్త ఉత్పత్తులు తయారుచేసే బృందాల మీద రాసిన వ్యాసంలో, ఎజైల్ పద్ధతులలో ఒకటైన స్క్రమ్ పేరుకు మూలమైన రగ్బీ పోలికతో పాటు, పైకి కనిపించని సున్నితమైన నియంత్రణ గురించి కూడా రాశారు. సరైన మనుషులను ఎంచుకోవడం, అరమరికలు లేని పనిచోటు కల్పించడం, పొరపాట్లు వస్తాయని ముందే ఊహించి వాటిని సహించడం, వ్యక్తిని కాక బృందాన్ని బట్టి ఫలితాన్ని అంచనా వేయడం వంటివి వారి దృష్టిలో ఆ నియంత్రణకు సాధనాలు. అంటే స్వయంపాలక బృందం అనే ఆలోచన పుట్టిన దగ్గరే నాయకత్వం గురించిన ఆలోచన కూడా ఉంది. ఆ తర్వాత వచ్చిన రెండు రోజుల శిక్షణలలో అది ఎక్కడో జారిపోయింది. ఆ శిక్షణల గురించి మాట్లాడటం మొదలుపెడితే మనకు ఇచ్చిన సమయం చాలదు కాబట్టి ముందుకు వెళతాను.

బృందానికీ నాయకుడికీ మధ్య పని ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన సమాధానం ఇచ్చినవారు బృందాల మీద పరిశోధన చేసిన రిచర్డ్ హ్యాక్‌మన్. ఏ బృందం విషయంలోనైనా నాలుగు బాధ్యతలు ఉంటాయని ఆయన అన్నారు. పని చేయడం మొదటిది. పని జరుగుతున్న తీరును గమనించి సరిదిద్దుకోవడం రెండోది. బృందంలో ఎవరుండాలి, దానికి ఏ వనరులు, ఏ పరిస్థితులు ఉండాలి అన్నది తీర్చిదిద్దడం మూడోది. మొత్తంగా ఎటు వెళ్ళాలో నిర్ణయించడం నాలుగోది. స్వయంపాలక బృందానికి మొదటి రెండూ ఇస్తారు. చివరి రెండూ సాధారణంగా బయటి నాయకత్వం చేతిలోనే ఉంటాయి. ఈ పట్టికను చేతిలో పెట్టుకుని ఏ కార్యాలయానికైనా వెళ్ళి చూడండి. బలహీనమైన నాయకులు రెండో బాధ్యతను బృందం చేతిలోంచి లాక్కుని, మూడో బాధ్యతనూ నాలుగో బాధ్యతనూ ఎవరికీ కాకుండా వదిలేస్తూ ఉంటారు. ఎవరు ఏ టికెట్ (జాబితాలో నమోదైన ఒక్కో పని) మీద ఎన్ని గంటలు గడిపారో వారికి కచ్చితంగా తెలుసు. ఈ మూడు నెలలలో ఈ ఉత్పత్తి ఎవరి ఏ ఇబ్బందిని తీర్చాలి అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. టెస్టింగ్ చేయగలిగినవారు బృందంలో లేరని, వేరే విభాగం అనుమతి కోసం ప్రతి రిలీజ్ ఆగిపోతోందని బృందం నెలల తరబడి చెబుతున్నా, ఆ అడ్డంకిని తొలగించగల అధికారం ఉన్న ఏకైక వ్యక్తి స్టాండప్ అనే రోజువారీ సమావేశంలో హాజరు తీసుకుంటూ ఉంటారు.

స్టాండప్ మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. స్క్రమ్ నియమాలలో దీని పేరు డైలీ స్క్రమ్, అది 15 నిమిషాల సమావేశం. స్ప్రింట్ (నెలకు మించని ఒక పని విడత) లక్ష్యం వైపు తాము ఎంత దూరం వచ్చారో చూసుకుని ఆ రోజు పనిని సర్దుకోవడానికి పనిచేసేవారు తమ కోసం తాము జరుపుకునేది. నాయకుడు మంచివాడా కాదా అన్నది అక్కడ మాట్లాడేవారి కళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే తెలుస్తుంది. అందరూ ఒకే వ్యక్తి వైపు చూస్తూ, నిన్న ఏం చేశామో అప్పజెప్పినట్టు చెబుతుంటే అది హాజరు పట్టీ. అక్కడ ఎవరూ "నేను ఇరుక్కుపోయాను" అనరు. "దాదాపు అయిపోయింది, రేపటికి పూర్తవుతుంది" అంటారు. మూడు రోజుల పాటు ఒకే టికెట్ గురించి అదే మాట వినిపిస్తే, చెప్పే మనిషిని అనుమానించడం కంటే, వినే మనిషి ఇంతకు ముందు ఎలా స్పందించారో ఆరా తీయడం ఉపయోగం. ఇరుక్కుపోయానని మొదటిసారి చెప్పిన రోజున "ఇంత చిన్న విషయానికా?" అన్న ఒక్క మాట వినిపించి ఉంటే, ఆ బృందంలో అటువంటి వాక్యం మళ్ళీ చాలాకాలం వినిపించదు. ఆ మాట అన్నవారికి అది గుర్తు కూడా ఉండదు.

ఇక్కడ ఒక పాత ప్రయోగం ప్రస్తావించాలి. కుర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ 1939లో ప్రచురించిన అధ్యయనంలో పదేళ్ళ వయసు బాలుర బృందాలను వేర్వేరు తరహా నాయకుల కింద పనిచేయించి చూశారు. ఆజ్ఞలతో నడిపించే నాయకుడు గదిలో ఉన్నంతసేపూ పని బాగానే సాగింది. ఆయన బయటికి వెళ్ళగానే పడిపోయింది. అందరినీ సంప్రదించి నడిపించే నాయకుడు బయటికి వెళ్ళినా పనిలో పెద్దగా తేడా రాలేదు. పిల్లల మీద చేసిన ప్రయోగాన్ని పెద్దల కార్యాలయానికి నేరుగా అన్వయించకూడదన్నది నిజమే. అయినా, నాయకుడు రెండు వారాలు సెలవు మీద వెళ్ళినప్పుడు స్ప్రింట్ ఎలా సాగిందో చూడటం, ఆయన ఉన్నప్పుడు ఎలా సాగిందో చూడటం కంటే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. ఆ ప్రయోగంలో మూడో తరహా కూడా ఉంది. దేన్నీ పట్టించుకోకుండా పిల్లలను వారి మానాన వారిని వదిలేసిన నాయకత్వం అది. అక్కడ పనీ సరిగ్గా సాగలేదు, పిల్లలూ తృప్తిగా లేరు. బృందానికి స్వేచ్ఛ ఇచ్చానంటూ చేతులు కట్టుకుని కూర్చునేవారిని ఈ మూడో వరుసలోనే చేర్చాలి. 2002లో గూగుల్ సంస్థ ఇంజినీరింగ్ మేనేజర్లు లేకుండా నడవాలని ప్రయత్నించి, ఖర్చుల నివేదికల దగ్గర నుంచి మనుషుల మధ్య తగాదాల దాకా అన్నీ నేరుగా సంస్థ స్థాపకులలో ఒకరైన లారీ పేజ్ దగ్గరికే వచ్చి పడటంతో కొన్ని నెలలలోనే ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది.

చెడ్డ వార్త దగ్గరికి మళ్ళీ వద్దాం. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి విభాగాలలో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేస్తూ, బాగా పనిచేసే బృందాలలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆశించారు. లెక్కలు తిరగబడి వచ్చాయి. మంచి బృందాలలోనే పొరపాట్ల సంఖ్య ఎక్కువగా నమోదైంది. కారణం వెతికితే, ఆ బృందాలు ఎక్కువ పొరపాట్లు చేయడం లేదు, జరిగినవాటిని దాచకుండా చెబుతున్నాయి అన్న వివరణ తేలింది. ఆ తర్వాత ఒక తయారీ సంస్థలోని 51 బృందాల మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రశ్న అడిగినా, తప్పు ఒప్పుకున్నా ఇక్కడ తలవంపులు రావన్న నమ్మకం ఉన్న బృందాలు ఎక్కువగా నేర్చుకుంటాయని ఆమె చూపించారు. మానసిక భద్రత అని ఇప్పుడు అందరూ వాడుతున్న మాటకు పని బృందాల విషయంలో అంత ప్రచారం రావడానికి ఆ వ్యాసమే కారణం. దీనిలో మేనేజర్లు గ్రహించవలసిన ఇబ్బందికరమైన సంగతి ఒకటి ఉంది. బగ్‌ల (ప్రోగ్రామ్‌లోని లోపాల) సంఖ్య తక్కువగా, పట్టికలో అన్ని గడులూ ఆకుపచ్చగా కనిపించే బృందం నిజంగా బాగుండి ఉండవచ్చు, లేదా భయపడుతూ ఉండవచ్చు. పట్టిక ఒక్కదాన్నే చూసి ఆ రెండింటినీ వేరు చేయలేం.

మానసిక భద్రత అంటే అందరితో మెత్తగా మాట్లాడటం, ఎవరినీ ఏమీ అడగకపోవడం అన్న అపోహ ఒకటి ప్రచారంలో ఉంది. టొయోటా కర్మాగారాలలో పనిచేసే కార్మికులకు లోపం కనిపిస్తే లాగడానికి ఒక తాడు ఉండేది. లాగగానే బృంద నాయకుడు అక్కడికి వస్తాడు, ఇద్దరూ కలిసి వెంటనే సరిచేయలేకపోతే అసెంబ్లీ లైన్ ఆగిపోతుంది. ప్రమాణం విషయంలో అక్కడ ఏ సడలింపూ లేదు. తాడు లాగినందుకు శిక్ష మాత్రం లేదు. ఆ తాడును మన కార్యాలయాలలో కూడా ఏదో ఒక పేరుతో వేలాడదీశారు, కానీ లాగినప్పుడు పరుగెత్తుకు వచ్చే నాయకుణ్ణి మాత్రం చాలాచోట్ల ఏర్పాటు చేయలేదు. రాకపోగా, ఎవరు లాగారో రాసుకునేవారు కూడా ఉన్నారు.

అంచనాల విషయానికి వస్తే, నాయకత్వ లోపం అంకెల రూపంలో బయటపడేది ఇక్కడే. స్టోరీ పాయింట్లు బృందం తన పని పరిమాణాన్ని తనలో తాను పోల్చుకోవడానికి వాడుకునే కొలత. ఒక బృందం పాయింట్లకూ మరో బృందం పాయింట్లకూ సంబంధం ఉండదు. కొలతను లక్ష్యంగా మారిస్తే అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న సూత్రాన్ని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో పిలుస్తారు, ఆయన 1975లో చెప్పిన మాటల నుంచి వచ్చింది కాబట్టి. వచ్చే త్రైమాసికానికి వెలాసిటీ (ఒక్కో స్ప్రింట్‌లో పూర్తయ్యే పాయింట్ల మొత్తం) ఇరవై శాతం పెరగాలని పై నుంచి ఆదేశం వస్తే అది తప్పకుండా పెరుగుతుంది. నిన్న మూడు పాయింట్లు అనుకున్న పని రేపు ఐదవుతుంది, అంతే. పని పెరగలేదు, పైగా బృందం చేతిలో ఉన్న ఒక్క నమ్మకమైన కొలబద్ద కూడా చెడిపోయింది. మంచి నాయకుడికి ఈ సంగతి తెలుసు కాబట్టి వెలాసిటీని పై అధికారుల ముందు ప్రదర్శించడు. తనను అడిగినప్పుడు ఏది చూపించాలో వారికి నచ్చజెబుతాడు. అలా నచ్చజెప్పడం అంత తేలికైన పనేమీ కాదు. నాయకుడికి కావలసిన ధైర్యంలో సగానికి పైగా తన కిందివారితో కాక పైవారితో మాట్లాడేటప్పుడే ఖర్చవుతుందని నేను అనుకుంటాను.

ఆలస్యం బయటపడ్డాక ఏం చేస్తారన్నది ఆ తర్వాతి పరీక్ష. ఆలస్యమవుతున్న ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించారు. కొత్తవారికి నేర్పించవలసింది ఉన్నవారే కాబట్టి, మనుషులు పెరిగేకొద్దీ వారి మధ్య సమన్వయపు పని కూడా పెరుగుతుంది కాబట్టి. అయినా మనుషులను చేర్చడం, వారాంతాలు పనిచేయించడం, రోజుకు మూడుసార్లు నివేదిక అడగడం అనే మూడింటినీ దాటి చాలామంది ఆలోచన వెళ్ళదు. నాణ్యమైన నాయకత్వం అక్కడ పరిధిని తగ్గించే చర్చ మొదలుపెడుతుంది. ఈ తేదీకి ఏది తప్పనిసరి, ఏది తర్వాత వచ్చినా నష్టం లేదు అని, పనుల వరుసను నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్‌తో కూర్చుని తేలుస్తుంది, ఆ తేల్చిన సంగతిని తన పేరుతో పై వారికి చెబుతుంది.

ప్రాధాన్యాల విషయంలో నాయకుల బలహీనత వల్ల జరిగే నష్టాన్ని సులువైన లెక్కతో చూపించవచ్చు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, సగటున చేతిలో ఉన్న పనుల సంఖ్యను పనులు పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. వారానికి 5 పనులు పూర్తిచేసే బృందం చేతిలో 10 పనులుంటే ఒక్కో పనికి 2 వారాలు పడుతుంది; అదే బృందం నెత్తిన 30 పెడితే 6 వారాలు. ఎవరూ సోమరులు కాలేదు, ఎవరి నైపుణ్యమూ తగ్గలేదు. ఎవరికీ కాదని చెప్పలేని నాయకుడు వచ్చిన ప్రతి కోరికకూ తల ఊపాడు, అంతే తేడా. అన్నీ ముఖ్యమేనన్న నాయకుడి మాట వినడానికి మర్యాదగా ఉంటుంది. నిర్ణయించవలసిన భారాన్ని మాత్రం అది బృందంలో అందరికంటే చిన్న ఇంజినీరు మీదికి తోసేస్తుంది.

స్ప్రింట్ చివర పని జరిగిన తీరును తిరిగి చూసుకునే సమావేశాలు, రెట్రాస్పెక్టివ్‌ల గురించి తక్కువగానే చెబుతాను. అక్కడ బృందం ఏం మాట్లాడిందన్న దానికంటే, గతసారి అనుకున్నవాటిలో ఎన్ని జరిగాయన్నదే చూడాలి. బృందం తనంతట తాను చేయలేని ఒక్క మార్పునైనా నాయకుడు బాధ్యత తీసుకుని తర్వాతి స్ప్రింట్‌లోగా జరిపిస్తే ఆ సమావేశానికి విలువ ఉంటుంది. అవే మూడు ఫిర్యాదులు ఏడాది పొడవునా రంగురంగుల కాగితాల మీద అతికించుకుంటే మనుషులు మౌనంగా ఉండటం నేర్చుకుంటారు. దూరం నుంచి పనిచేసే బృందాలలో ఈ మౌనం మరింత ప్రమాదకరం, ఎందుకంటే కెమెరా ఆపేసిన ముఖంలో అసంతృప్తి కనిపించదు. అక్కడ నాయకుడు తన నిర్ణయాలనూ వాటి కారణాలనూ అందరికీ కనిపించేచోట రాసి పెట్టడం, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే సమయాన్ని వాయిదా వేయకపోవడం తప్పనిసరి అవుతాయి.

ఇక నాయకులను ఎంచుకునే విషయం. చాలా సంస్థలలో అందరికంటే బాగా కోడ్ రాసేవారిని టీమ్ లీడ్ చేస్తారు. గూగుల్ సంస్థ తన మేనేజర్ల మీద జరిపించిన ప్రాజెక్ట్ ఆక్సిజన్ అనే అధ్యయనంలో మంచి మేనేజర్ల లక్షణాలు ఎనిమిది మొదట తేలాయి. జట్టుకు మంచి శిక్షకుడిగా ఉండటం ఆ పట్టికలో మొదట ఉంది, అతిగా జోక్యం చేసుకోకుండా పని అప్పగించడం రెండోది. బృందానికి సలహా ఇవ్వగల సాంకేతిక నైపుణ్యం చివరిది. చివరిదైనా అది పట్టికలో ఉందని మరవకూడదు. పని ఏమిటో అర్థం కాని నాయకుడికి చెడ్డ వార్త చెప్పినా దాని బరువు తెలియదు. కానీ అందరికంటే గొప్ప ప్రోగ్రామర్ అయిన నాయకుడితో మరో చిక్కు ఉంది. డిజైన్ చర్చలో ఆయన మొదట నోరు తెరిస్తే ఆ చర్చ అక్కడితో ముగుస్తుంది. కష్టమైన టికెట్లన్నీ ఆయనే తీసుకుంటే మిగిలినవారు ఎదగరు, పైగా ప్రతి రిలీజ్ ఆయన తీరిక కోసం ఎదురుచూస్తుంది. ఇటువంటివారు మారగలరు, చివర మాట్లాడటం, సమాధానం తెలిసినా ముందు ప్రశ్న అడగడం, తాను తప్పు అనుకున్న డిజైన్‌నైనా నష్టం చిన్నదైతే బృందాన్ని ప్రయత్నించనివ్వడం అలవాటు చేసుకుంటే వచ్చేవే. కొందరు ఎంత చెప్పినా మారరు, వారికి ఆ పని ఇష్టమే ఉండదు. జీతం పెరగాలంటే, హోదా రావాలంటే మేనేజర్ కావడం తప్ప వేరే దారి లేని సంస్థలో వారు అయిష్టంగానే ఆ కుర్చీలో కూర్చుంటారు, ఆ అయిష్టానికి మూల్యం బృందం చెల్లిస్తుంది. సాంకేతిక నిపుణులకు అదే జీతంతో, అదే గౌరవంతో పైకి వెళ్ళే వేరే మార్గం ఉంటే వారిలో చాలామంది రేపే ఆ కుర్చీ ఖాళీ చేస్తారు. ఆ మార్గం వేయడం సంస్థ యాజమాన్యం చేతిలో ఉన్న పని, దానికి ఎజైల్ కోచ్‌ను పిలవవలసిన అవసరం కూడా లేదు.

నేను చెప్పదలచుకున్నవి ఇవి. మిగిలిన సమయంలో మీ ప్రశ్నలు వింటాను.